బెంగళూరు చెరువుల డేటాతో సెమాంటిక్ వెబ్ టూల్స్ నేర్చుకోవడం ఎలా

సెమాంటిక్ వెబ్ (వస్తువులనూ వాటి మధ్య సంబంధాలనూ కంప్యూటర్‌కి అర్థమయ్యేలా వెబ్‌లో రాసే పద్ధతి) నేర్చుకుందామని కూర్చున్నవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే లేచి వెళ్లిపోతారు. నాకు తెలిసి కారణం ఒకటే, తప్పు చివర పట్టుకుంటారు. ఎవరో చెప్పారని ముందే ప్రొటెజీ (ఏయే రకాల వస్తువులుంటాయి, వాటి మధ్య ఏ సంబంధాలుంటాయి అని రాసే నమూనా ఆంటాలజీ, దాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఇది) డౌన్‌లోడ్ చేస్తారు, తెరిస్తే ఎడమవైపు థింగ్ అనే ఒక్క మాట తప్ప ఏమీ ఉండదు, దాని కింద ఏ క్లాసు, అంటే ఏ రకం, పెట్టాలి, ఏది దేని కిందకి వస్తుంది అన్న చర్చలోనే శని, ఆదివారాలు గడిచిపోతాయి. డేటా మాత్రం ఒక్క వరస కూడా లోపలికి రాదు.

అందుకే ఈ గైడ్ తిరగేసి నడుస్తుంది. ముందు ప్రశ్న, తర్వాత డేటా, ఆ తర్వాత దాన్ని దాచుకునే సర్వర్, ఆంటాలజీ అన్నిటికంటే చివర. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ లేదా వెతుక్కుంటూ, పీజీలోనో ఫ్లాట్‌లోనో ఉంటున్న తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మామూలు ల్యాప్‌టాప్ చాలు. పైథాన్ కొంచెం వస్తే మంచిది, జావా రాయడం రాకపోయినా పర్వాలేదు, ఇన్‌స్టాల్ చేసుకోగలిగితే చాలు.

ముందు ప్రశ్న పట్టుకోండి

2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఇన్ని నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? బెంగళూరు చెరువులు విడివిడిగా తవ్విన గుంటలు కావు, గొలుసుకట్టు చెరువులు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, పై చెరువు మరవ పారితే కింది చెరువు నిండుతుంది. మడివాళ చెరువు అలుగు అగరకి, అగరది బెళ్ళందూరుకి, బెళ్ళందూరుది వర్తూరుకి, అక్కణ్ణుంచి దక్షిణ పినాకిని నదికి.

మన ప్రశ్న ఇది: వర్తూరు చెరువుకి పైన, ఎంత దూరంలో ఉన్నా సరే, ఏయే చెరువుల నీళ్లు వచ్చి చేరతాయి?

ఎక్సెల్‌లో ఒక వరసకు ఒక చెరువు, పక్కన "కింది చెరువు" అని ఒక కాలమ్ పెట్టి చూడండి. ఒక మెట్టు పైకి వెళ్లడం తేలిక, రెండు మెట్లు పర్వాలేదు, ఎన్ని మెట్లు ఉన్నాయో తెలియనప్పుడు తల ప్రాణం తోకకొస్తుంది. ఎస్‌క్యూఎల్‌లో రికర్సివ్ క్వెరీ రాసి లాగించొచ్చు, కాదనను. కానీ ఇక్కడ ఇంకో చిక్కుంది. పినాకిని అనగానే నెల్లూరువాళ్లకు గుర్తొచ్చేది పెన్నా. అది ఉత్తర పినాకిని. వర్తూరు నీళ్లు వెళ్లేది దక్షిణ పినాకినికి, తమిళనాడులో దాన్నే తెన్‌పెణ్ణై అంటారు, అది కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండూ నంది కొండల వైపు పుట్టినవే, పేర్లు దాదాపు ఒకటే, నదులు మాత్రం వేరు. ఒక షీట్‌లో ఉత్త "పినాకిని" అని, ఇంకో షీట్‌లో "పెన్నార్" అని ఉంటే పేరును బట్టి కలిపే ఏ ప్రోగ్రామైనా వర్తూరు నీళ్లను నేరుగా నెల్లూరు పంపేస్తుంది. పేరుతో కాకుండా చెదరని గుర్తింపుతో పని చేయడం ఎందుకో ఈ ఒక్క ఉదాహరణతో తెలిసిపోతుంది, సెమాంటిక్ వెబ్‌లో సగం సంగతి అదే. ప్రతి వస్తువుకూ వెబ్ అడ్రస్ లాంటి ఒక గుర్తింపు ఉంటుంది, దాన్ని ఐఆర్ఐ అంటారు. ప్రతి వాస్తవాన్నీ మూడు ముక్కలుగా రాస్తారు: ఏది, దానికి ఏ సంబంధం, దేనితో. ఈ మూడు ముక్కల వాక్యం పేరు ట్రిపుల్, ఈ పద్ధతి పేరు ఆర్‌డీఎఫ్, 1999లో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. దాన్ని ప్రశ్నించే భాష స్పార్కుల్, 2008లో వచ్చింది, మనం ఇప్పుడు ఎక్కువగా వాడేది 2013 నాటి 1.1 వెర్షన్. సిద్ధాంతం ప్రస్తుతానికి ఇంత చాలు.

మొదటి అడుగు: ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా వికీడేటాని అడగండి

బ్రౌజర్‌లో క్వెరీ డాట్ వికీడేటా డాట్ ఓఆర్‌జీ తెరవండి. 2012 అక్టోబరులో మొదలైన, ఎవరైనా చేర్చగల ఉచిత డేటా నిల్వ వికీడేటాలో ప్రతి వస్తువుకూ క్యూతో మొదలయ్యే నంబరు, ప్రతి సంబంధానికీ పీతో మొదలయ్యే నంబరు ఉంటాయి. బెంగళూరు క్యూ1355, చెరువు లేదా సరస్సు క్యూ23397, "ఇది ఫలానా రకం" అనే సంబంధం పీ31, "దీని నీళ్లు వెళ్లేది ఇక్కడికి" అనేది పీ201. ఇవేవీ బట్టీ పట్టక్కర్లేదు. ఎడిటర్‌లో డబ్ల్యూడీ అని రాసి కోలన్ పెట్టి, ఇంగ్లిష్‌లో మాట టైప్ చేసి, కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కితే నంబరు అదే వెతికి ఇస్తుంది. సంబంధాలకైతే డబ్ల్యూడీటీ అని రాయాలి.

ఎగ్జాంపుల్స్ బటన్ నొక్కితే బోలెడు క్వెరీలు వస్తాయి, పిల్లుల లిస్టు ఇచ్చే చిన్న క్వెరీతో మొదలుపెట్టండి. దాన్ని నడిపి, పిల్లి నంబరు తీసేసి చెరువు నంబరు పెట్టండి, చివర లిమిట్ 10 తగిలించండి. మీ మొదటి క్వెరీ అయిపోయినట్టే. ఇక్కడ మీకు క్వెరీ మొత్తం ఇచ్చేసి కాపీ కొట్టమనొచ్చు కానీ, స్పార్కుల్ అలా చేతికి రాదు, ఒక్కో లైను చేరుస్తూ ఏం మారిందో చూస్తేనే వస్తుంది.

ఇప్పుడు బెంగళూరుకి కుదించాలి. సహజంగా తట్టేది "బెంగళూరులో ఉన్న చెరువులు" అని పరిపాలన ప్రాంతాన్ని బట్టి, అంటే పీ131తో అడగడం. వద్దు. ఒక చెరువుకి బెంగళూరు అని ఉంటుంది, ఇంకోదానికి బెంగళూరు అర్బన్ జిల్లా అని, మరోదానికి ఉత్త కర్ణాటక అని. పైగా పరిపాలన హద్దులు నిలకడగా ఉండవు, 2025 సెప్టెంబరులో నగరపాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. చెరువు మాత్రం ఉన్నచోటే ఉంది. అందుకని అక్షాంశ రేఖాంశాలతో అడగండి: వికీడేటా సర్వీసులో అరౌండ్ అని ఒకటుంది, ఒక కేంద్రం ఇచ్చి వ్యాసార్థం 25 కిలోమీటర్లు అని చెబితే ఆ వృత్తంలో ఉన్నవన్నీ తెస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్లు తప్పనిసరిగా తగులుకునే ముళ్లు ఉన్నాయి. మొదటిది, పీ31తో నేరుగా చెరువు అని అడిగితే రిజర్వాయర్ అని నమోదైనవి జారిపోతాయి. పీ31 తర్వాత స్లాష్ పెట్టి పీ279, దాని వెనక నక్షత్రం పెడితే ఉపరకాలు కూడా వస్తాయి. అప్పటికీ కొన్ని మిగిలిపోతాయి, ఎందుకంటే నమోదు చేసేది మనలాంటి మనుషులే. రెండోది, నీళ్లు ఎక్కడికి వెళ్తాయో చెప్పే లైను మామూలుగా చేర్చారంటే ఆ సమాచారం లేని చెరువులన్నీ ఫలితంలోంచి మాయమైపోతాయి. ఆ లైనుని ఆప్షనల్ అనే బ్రాకెట్‌లో పెట్టాలి. క్వెరీ తప్పు లేకుండా నడుస్తుంది, ఎర్ర గీత ఏదీ రాదు, జవాబు మాత్రం సగమే వస్తుంది, అందుకే ఇది పట్టుకోవడం కష్టం. మూడోది, డబ్ల్యూడీటీ ఇచ్చేది ఉన్నవాటిలో పై ర్యాంకు జవాబు మాత్రమే. ఎప్పటినుంచి ఎప్పటివరకు, ఏ ఆధారంతో అన్న వివరాలు కావాలంటే పీ, పీఎస్, పీక్యూ అనే వేరే ప్రిఫిక్సులతో (కోలన్ ముందు వచ్చే పొట్టి పేర్లు) పూర్తి స్టేట్‌మెంట్‌లోకి దిగాలి. ఇవాళే దిగక్కర్లేదు, అలాంటిది ఉందని గుర్తుంటే చాలు.

పేర్ల కోసం లేబుల్ సర్వీస్ వాడండి, భాషల వరుస టీఈ, కేఎన్, ఈఎన్ అని ఇవ్వండి. తెలుగు పేరుంటే తెలుగు, లేకపోతే కన్నడం, అదీ లేకపోతే ఇంగ్లిష్ వస్తుంది, ఏదీ లేకపోతే క్యూ నంబరు అలాగే కనిపిస్తుంది. తెలుగు పేర్లు ఎంత తక్కువున్నాయో చూసి నిరాశపడకండి, దాని సంగతి చివర్లో చూద్దాం. ఫలితాన్ని మ్యాప్‌గా చూడొచ్చు, సీఎస్‌వీగా దించుకోవచ్చు. దించుకోండి, తర్వాత అడుగులో కావాలి.

క్వెరీకి 60 సెకన్ల గడువుంటుంది, దాటితే టైమ్‌అవుట్. పెద్ద క్వెరీలకు జర్మనీలోని ఫ్రైబర్గ్ యూనివర్సిటీవాళ్ల క్యూలెవర్ చూడండి, వికీడేటాతో పాటు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాని కూడా స్పార్కుల్‌తో అడగొచ్చు, వేగం చూస్తే ముచ్చటేస్తుంది. ఇంకో మాట: చాట్‌బాట్‌ని స్పార్కుల్ రాయమంటే చక్కటి నిర్మాణంతో రాసిస్తుంది, క్యూ నంబర్లు మాత్రం ధైర్యంగా కల్పించేస్తుంది. నిర్మాణం తీసుకోండి, ప్రతి నంబరు మీదా మౌస్ పెట్టి అది నిజంగా ఏమిటో చూసుకోండి.

రెండో అడుగు: చేత్తో ఒక చిన్న టర్టిల్ ఫైలు

ఆర్‌డీఎఫ్‌ని రాసే పద్ధతులు చాలా ఉన్నాయి. ఎక్స్‌ఎంఎల్ రూపం జోలికి వెళ్లకండి, పాత ట్యుటోరియల్స్ అన్నీ దానితోనే మొదలై మనుషుల్ని భయపెట్టి పంపేస్తాయి. టర్టిల్ చదవడానికి తేలిక. వీఎస్ కోడ్‌లోనో నోట్‌ప్యాడ్‌లోనో యూటీఎఫ్-8లో ఫైలు తెరిచి, పైన ప్రిఫిక్స్ లైను ఒకటి రాయండి. ప్రాక్టీసు కోసం ఎగ్జాంపుల్ డాట్ ఓఆర్‌జీ అడ్రస్ వాడొచ్చు, అలాంటి వాడకం కోసమే దాన్ని పక్కన పెట్టారు. ప్రిఫిక్స్ పేరు తెలుగులోనే పెట్టుకోవచ్చు, చాలామందికి తెలియదు కానీ టర్టిల్‌లోనూ స్పార్కుల్‌లోనూ తెలుగు అక్షరాలు పూర్తిగా చెల్లుతాయి. ఇదిగో ఇలా:

@prefix చె: <http://example.org/> .
చె:మడివాళ చె:అలుగుపారేది చె:అగర .
చె:అగర చె:అలుగుపారేది చె:బెళ్ళందూరు .
చె:బెళ్ళందూరు చె:అలుగుపారేది చె:వర్తూరు .
చె:వర్తూరు చె:అలుగుపారేది చె:దక్షిణపినాకిని .

ప్రతి వాక్యం చివర చుక్క తప్పనిసరి. అదే చెరువు గురించి ఇంకో సంగతి చెప్పాలంటే చుక్క బదులు సెమికోలన్ పెట్టి చెరువు పేరు మళ్లీ రాయకుండా కొనసాగించొచ్చు. పేర్లను కొటేషన్లలో రాసి, వెంటనే ఎట్ గుర్తు పెట్టి భాష కోడ్ ఇవ్వాలి, తెలుగైతే టీఈ, కన్నడమైతే కేఎన్. అంకెల్ని కొటేషన్లలో పెట్టకండి, పెడితే అవి ఉత్త అక్షరాలైపోయి 9 కంటే 10 చిన్నదని తేలుతుంది.

తెలుగులో ఐఆర్ఐలు రాయడం సరదాగానే ఉంటుంది, నేర్చుకునేటప్పుడు బాగా పనికొస్తుంది కూడా, కానీ నలుగురికీ ఇచ్చే డేటాలో నేనైతే పెట్టను. బెళ్ళందూరు, బెళ్లందూరు, బెల్లందూర్ అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. అంతకంటే ప్రమాదం, పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా మన కీబోర్డులు పెట్టే కంటికి కనిపించని నాన్-జాయినర్ గుర్తు. అది ఉన్న మాటా లేని మాటా చాలాసార్లు స్క్రీన్ మీద ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు చెరువులు. అసలు డేటాలో ఐఆర్ఐకి ఒక నంబరు పెట్టి, పేర్లన్నీ స్కోస్ అనే రెడీమేడ్ పదజాలంలోని ప్రెఫ్‌లేబుల్ (ముఖ్యమైన పేరు), ఆల్ట్‌లేబుల్ (మిగతా పేర్లు) కింద ఇవ్వండి. ఒక భాషకు ప్రెఫ్‌లేబుల్ ఒకటే ఉండాలి, ఆల్ట్‌లేబుల్స్ ఎన్నైనా ఉండొచ్చు.

మూడో అడుగు: పైథాన్‌లో ఆర్‌డీఎఫ్‌లిబ్

పిప్‌తో ఆర్‌డీఎఫ్‌లిబ్ ఇన్‌స్టాల్ చేయండి. గ్రాఫ్ ఒకటి సృష్టించి, పార్స్ అనే మెథడ్‌కి మీ ఫైలు పేరివ్వండి, క్వెరీ అనే మెథడ్‌కి స్పార్కుల్ వాక్యం ఇవ్వండి. ఫైల్లో చుక్క మర్చిపోతే పార్స్ దగ్గరే లైను నంబరుతో సహా తిడుతుంది. ఇక మన ప్రశ్న. వేర్ బ్రాకెట్‌లో ఉండాల్సింది ఈ ఒక్క లైనే:

?పైచెరువు చె:అలుగుపారేది+ చె:వర్తూరు .

ఆ కూడిక గుర్తుకి అర్థం, ఈ సంబంధాన్ని ఒకసారైనా, ఎన్నిసార్లయినా దాటుకుంటూ వెళ్లు అని. మడివాళ, అగర, బెళ్ళందూరు మూడూ వస్తాయి. కూడిక తీసేసి నడపండి, బెళ్ళందూరు ఒక్కటే వస్తుంది. ఎడమ, కుడి తారుమారు చేస్తే, అంటే మడివాళని ఎడమవైపు, వేరియబుల్‌ని కుడివైపు పెడితే, అక్కడ వదిలిన నీళ్లు ఎక్కడెక్కడికి వెళ్తాయో వస్తుంది. డేటా అదే, కొత్త కాలమ్ లేదు, జాయిన్ లేదు. దీన్ని ప్రాపర్టీ పాత్ అంటారు, ఇంటర్వ్యూలో నాలెడ్జ్ గ్రాఫ్ (ఇలా సంబంధాలతో అల్లిన డేటా) ఎందుకు అని అడిగితే చూపించడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు కనపడలేదు.

లక్షల ట్రిపుల్స్ దాటాక ఆర్‌డీఎఫ్‌లిబ్ నెమ్మదిస్తుంది, అంతా ర్యామ్‌లోనే పెట్టుకుంటుంది కాబట్టి. అంతవరకూ సర్వర్ గొడవ అక్కర్లేదు.

నాలుగో అడుగు: సీఎస్‌వీలను దారికి తేవడం

అసలు శ్రమంతా ఇక్కడే ఉంది, ట్యుటోరియల్స్ దీన్ని ఒక పేరాలో దాటేస్తాయి. ఓపెన్‌సిటీ లాంటి సైట్లలో బెంగళూరు పౌర సమాచారం సీఎస్‌వీలుగా దొరుకుతుంది. అందులో వర్తూర్, వర్తూరు, వార్థూర్ అన్నీ ఉంటాయి, కొన్నిట్లో పేరు పక్కన కెరె అని, కొన్నిట్లో లేక్ అని, కొన్నిట్లో ట్యాంక్ అని తోకలుంటాయి.

గజిబిజి డేటాని శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ దించుకోండి. ఉచితం, మీ కంప్యూటర్ మీదే నడుస్తుంది, బ్రౌజర్‌లో 3333 పోర్టులో తెరుచుకుంటుంది. ఫైలు లోడ్ చేసి, పేర్ల కాలమ్ మీద టెక్స్ట్ ఫాసెట్ తెరిచి, క్లస్టర్ నొక్కండి. మొదట వచ్చే ఫింగర్‌ప్రింట్ పద్ధతి ఖాళీలు, కామాలు, పెద్ద చిన్న అక్షరాల తేడాలు పట్టుకుంటుంది కానీ, బెళ్ళందూర్ చివర ఇంకో యు చేరితే పట్టుకోదు. నియరెస్ట్ నైబర్‌కి మార్చి లెవెన్‌స్టీన్ ఎంచుకోండి, మన పేర్లకు అదే పనికొస్తుంది. కలిపే ముందు ప్రతి గుంపునీ కళ్లతో చూడండి. బెంగళూరులో ఒకే పేరున్న చెరువులు ఒకటికి మించి ఉన్నాయి, పుట్టేనహళ్లి చెరువు జేపీ నగర్ వైపు ఒకటుంది, యలహంక వైపు ఇంకోటుంది. అన్నీ సెలెక్ట్ చేసి మెర్జ్ కొట్టేసే తొందర మనిషి మీరైతే ఈ పని ఉదయం పూట చేయండి.

తర్వాత రికన్సైల్. కాలమ్ మెనూలో దాన్ని ఎంచుకుని వికీడేటా సర్వీస్ పెడితే, ప్రతి పేరుకూ సరిపోయే క్యూ నంబరు స్కోరుతో సహా సూచిస్తుంది. రకం చెరువు అని చెప్పండి, అక్షాంశ రేఖాంశాల కాలమ్ ఉంటే దాన్ని కూడా జత చేయండి, లేకపోతే వర్తూరు చెరువు అడిగితే వర్తూరు ఊరు ఇస్తుంది. సూచనలో అనుమానం ఉంటే వదిలేయండి. జత కుదరని వరస రేపు కుదురుతుంది, తప్పు జత మాత్రం లోపల కూర్చుని ప్రతి జవాబునూ పాడు చేస్తుంది.

ఇక ఆర్‌డీఎఫ్‌గా మార్చడం. ఓపెన్‌రిఫైన్‌కి ఆర్‌డీఎఫ్ ఎక్స్‌టెన్షన్ ఉంది, విడిగా వేసుకోవాలి. ఆర్‌ఎంఎల్ అని మ్యాపింగ్ భాష ఉంది, టార్క్ల్ అని సీఎస్‌వీ మీద నేరుగా స్పార్కుల్ నడిపే టూల్ ఉంది. వందల వరసలకైతే ఇవేవీ వద్దు, పైథాన్‌లో ఫర్ లూప్ రాసి ఆర్‌డీఎఫ్‌లిబ్ గ్రాఫ్‌లోకి యాడ్ చేసుకుంటూ పోండి.

ఐదో అడుగు: సర్వర్

అపాచీ జీనా ప్రాజెక్టులోని ఫ్యూసెకి (ట్రిపుల్స్ దాచుకుని స్పార్కుల్‌కి జవాబిచ్చే సర్వర్) నా సలహా. జీనా 5కి జావా 17 కావాలి, పాత జావా ఉంటే స్టార్ట్ కాదు, ముందు అది చూసుకోండి. జిప్ విప్పి సర్వర్ స్క్రిప్ట్ నడిపితే లోకల్‌హోస్ట్ 3030లో స్క్రీన్ వస్తుంది. డేటాసెట్ సృష్టించేటప్పుడు ఇన్‌మెమరీ, పర్సిస్టెంట్ అని రెండు ఆప్షన్లుంటాయి. ఇన్‌మెమరీ పెడితే సర్వర్ ఆపగానే డేటా పోతుంది, టీడీబీ2 పర్సిస్టెంట్ పెట్టండి. విడిగా దించుకునే జీనా జిప్‌లో (ఫ్యూసెకి జిప్‌లో కాదు) రయట్ అనే కమాండ్ వస్తుంది, ఫైలు లోడ్ చేసే ముందు దానితో వాలిడేట్ చేసుకోవడం అలవాటు చేసుకోండి.

బొమ్మలు కావాలనుకునేవాళ్లకు ఒకప్పటి ఆంటోటెక్స్ట్, ఇప్పటి గ్రాఫ్‌వైజ్ వాళ్ల గ్రాఫ్‌డీబీ బాగుంటుంది, 7200 పోర్టులో తెరుచుకుంటుంది, చెరువు మీద క్లిక్ చేస్తే చుట్టూ గీతలు విచ్చుకుంటాయి, మేనేజర్లకు డెమో ఇవ్వడానికి అదే నయం. లైసెన్సు షరతులు మాత్రం చదివి వేసుకోండి. వికీపీడియా నుంచి తీసిన డేటాసెట్ డీబీపీడియా వెనక నడిచేది ఓపెన్‌లింక్ వాళ్ల వర్చువోసో, నేర్చుకునే దశలో దాని అవసరం లేదు. నియో4జే సంగతేంటని అడుగుతారు. అదీ గ్రాఫే, ఉద్యోగ ప్రకటనల్లో తరచూ కనిపించేదీ అదే, కానీ అది ప్రాపర్టీ గ్రాఫ్, దాని భాష సైఫర్, ఆర్‌డీఎఫ్ కాదు. ఒకటి వస్తే రెండోది త్వరగా వస్తుంది, రెజ్యూమెలో రెండిటినీ కలిపేసి రాయకండి, తెలిసినవాడు ఎదురుగా కూర్చుంటే మొదటి ప్రశ్నలోనే బయటపడుతుంది.

ఫ్యూసెకిలో సర్వీస్ అనే మాటతో మీ క్వెరీలోంచే వికీడేటాని కూడా అడగొచ్చు. మీ చెరువులు మీ దగ్గర, విస్తీర్ణమో ఫొటోనో అక్కడిది. ముందు మీ డేటాతో లిస్టు చిన్నది చేసుకుని తర్వాత బయటికి వెళ్లేలా రాయండి, లేకపోతే మళ్లీ ఆ 60 సెకన్ల గోడే. స్క్రిప్ట్‌తో అడుగుతుంటే యూజర్ ఏజెంట్‌లో మీ ప్రాజెక్టు పేరు, సంప్రదించే దారి ఇవ్వండి, వికీమీడియా నియమం అది, పట్టించుకోకపోతే బ్లాక్ చేస్తారు.

ఆరో అడుగు: తనిఖీకి షాకిల్, అర్థానికి ఆంటాలజీ

ఈ రెండిటినీ కలగలుపుకోవడం ఈ రంగంలో అతి పెద్ద గందరగోళం. "అలుగుపారేది అనే సంబంధానికి ఎడమవైపు చెరువే ఉండాలి" అని నియమం పెట్టాలనుకుని, ఆర్‌డీఎఫ్‌ఎస్ అనే ఆంటాలజీ భాషలో డొమైన్ చెరువు అని రాస్తారు. తర్వాత ఎవరో పొరపాటున ఒక నదికి ఆ సంబంధం తగిలిస్తారు. ఎర్రర్ వస్తుందనుకుంటాం. రాదు. రీజనర్ (ఉన్న వాస్తవాల నుంచి కొత్తవి తేల్చే ప్రోగ్రామ్) ఏం చేస్తుందంటే, ఓహో ఈ నది కూడా చెరువేనన్నమాట అని తేల్చేస్తుంది. డొమైన్ అనేది కాపలా కాదు, కొత్త సంగతి ఊహించడానికి ఇచ్చిన అనుమతి. అలాగే ఒక చెరువుకి కన్నడ పేరు లేకపోతే అది లేదని ఈ లోకం అనుకోదు, ఇంకా ఎవరూ చెప్పలేదు అనుకుంటుంది.

కాపలా కావాలంటే షాకిల్ అనే నియమాల భాష, 2017లో డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. పిప్‌తో పైషాకిల్ వేసుకోండి, జీనాలోనూ షాకిల్ కమాండ్ ఉంది. మొదటి రోజు మూడు నియమాలు చాలు: ప్రతి చెరువుకూ కనీసం ఒక కన్నడ పేరుండాలి, లొకేషన్ ఒక్కటే ఉండాలి, అలుగు వెళ్లేది ఇంకో చెరువుకో నదికో మాత్రమే. నడిపితే ఏ చెరువు ఏ నియమం తప్పిందో రిపోర్టు వస్తుంది. ఆ రిపోర్టు కూడా ఆర్‌డీఎఫే, కావాలంటే దాన్నీ స్పార్కుల్‌తో అడగొచ్చు, ఈ రంగంవాళ్లకదో సరదా.

ఔల్ అనే ఆంటాలజీ భాషలోని సేమ్‌యాజ్ (రెండూ ఒకటే అనే సంబంధం) విషయంలో మాత్రం పిసినారిగా ఉండండి. రెండు ఐఆర్ఐలు సేమ్‌యాజ్ అన్నారంటే, రీజనింగ్ పెట్టిన సర్వర్‌లో ఒకదాని గురించి ఉన్న ప్రతి మాటా రెండోదానికి అంటుకుంటుంది. ఉత్తర పినాకినికి, దక్షిణ పినాకినికి మధ్య ఎవరైనా ఆ గీత ఒక్కటి గీస్తే, కడపకీ కడలూరుకీ ఒకే నది పారుతుంది. దగ్గరగా ఉన్నాయి కానీ ఖాయం కాదు అనుకున్నచోట స్కోస్‌లోని క్లోజ్‌మ్యాచ్ పెట్టండి.

సొంత పదజాలం కల్పించే ముందు ఉన్నవి చూడండి. లింక్డ్ ఓపెన్ వొకాబ్యులరీస్ సైట్‌లో వెతకొచ్చు. స్థలాలకు జియోస్పార్కుల్, ఎవరు రాశారు, లైసెన్స్ ఏమిటి వంటి వివరాలకు డబ్లిన్ కోర్, వెబ్ పేజీల్లో పెట్టేదానికి 2011లో సెర్చ్ ఇంజిన్ కంపెనీలు మొదలుపెట్టిన స్కీమా డాట్ ఓఆర్‌జీ. ఫ్రంటెండ్ పని చేసేవాళ్లు అసలు టర్టిల్ కంటే ముందు జేసన్ ఎల్‌డీ చూసినా తప్పులేదు, మామూలు జేసన్‌కి కాంటెక్స్ట్ అనే ఒక ముక్క చేరుతుంది, అంతే.

ఇప్పుడు ప్రొటెజీ తెరవండి. స్టాన్‌ఫర్డ్‌వాళ్లది, ఉచితం. మాంచెస్టర్ యూనివర్సిటీ నుంచి వచ్చిన పిజ్జా ట్యుటోరియల్ ఒకటి దానికోసమే ఉంది, ఓపిగ్గా చివరిదాకా చేయండి. చెరువులతో ఇంత పని చేశాక క్లాసులు, రీజనర్ అన్నవి ఎందుకున్నాయో మీకే తెలుస్తుంది, మీ డేటాకి అవి అక్కర్లేదని తేలినా నష్టం లేదు.

చదవడానికి

డబ్ల్యూ3సీ వాళ్ల ఆర్‌డీఎఫ్ 1.1 ప్రైమర్, 2014ది, చిన్నది, ఒక సాయంత్రంలో అయిపోతుంది. వికీడేటాలోనే స్పార్కుల్ ట్యుటోరియల్ ఉంది, నాకు తెలిసి కొత్తవాళ్లకు దానికి మించింది లేదు. స్పార్కుల్ 1.1 స్పెసిఫికేషన్ అంటే భయపడకండి, ప్రతి సెక్షన్‌లో చిన్న డేటా, క్వెరీ, జవాబు పక్కపక్కనే ఉంటాయి, అనుమానం వచ్చినప్పుడు నేరుగా అదే చూడండి. 2008కి ముందు రాసిన ట్యుటోరియల్ కనిపిస్తే ట్యాబ్ మూసేయండి.

బయట పెట్టడం

డేటా గిట్‌హబ్‌లో పెట్టండి, టర్టిల్ ఫైలూ, షాకిల్ ఫైలూ, సీఎస్‌వీ నుంచి మార్చిన స్క్రిప్టూ కలిపి. ఎగ్జాంపుల్ డాట్ ఓఆర్‌జీ అడ్రస్ తీసేసి, డబ్ల్యూ3ఐడీ డాట్ ఓఆర్‌జీలో శాశ్వత అడ్రస్ తీసుకోండి, ఖర్చేమీ లేదు, గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెడితే సరిపోతుంది. రేపు మీరు హోస్టింగ్ మార్చినా ఐఆర్ఐలు మారవు. లైసెన్స్ దగ్గర జాగ్రత్త: వికీడేటా డేటా సీసీ0, ఏమైనా చేసుకోవచ్చు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది ఓడీబీఎల్, దాంట్లోంచి తీసి కలిపారంటే ఆ షరతులు మీ డేటాకీ వస్తాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తీసుకున్నదాన్ని వికీడేటాలోకి ఎక్కించకండి.

తెలుగు లేబుల్స్ సంగతి చూద్దామన్నాను కదా. వికీడేటాలో అకౌంట్ తెరిచి, మొదట ఒక పది చెరువులకు తెలుగు పేర్లు చేత్తోనే చేర్చండి, ఐటమ్ పేజీలో ఎడిట్ నొక్కి తెలుగు గడిలో రాయడమే. అకౌంట్ ఆటోకన్ఫర్మ్ అయ్యాక, అంటే కొన్ని రోజులు, కొన్ని ఎడిట్లు గడిచి నమ్మకం కుదిరాక, ఒకేసారి బోలెడు మార్పులు చేర్చే టూల్ క్విక్‌స్టేట్‌మెంట్స్ వాడొచ్చు: ఒక్కో లైనులో క్యూ నంబరు, ట్యాబ్, ఎల్ అక్షరం పక్కన భాష కోడ్, ట్యాబ్, కొటేషన్లలో పేరు. పీ201 సమాచారం లేని చెరువులకు అది కూడా చేర్చండి, రిఫరెన్స్ తప్పకుండా ఇవ్వండి. తర్వాత మొదటి అడుగులో రాసుకున్న క్వెరీ మళ్లీ నడపండి, మార్పులు కనిపించడానికి కొంచెం ఆలస్యం కావొచ్చు, రాలేదని రెండోసారి చేర్చేయకండి.